తండ్రి పేరు రాసే చోట

సందేహాలు – సమాధానాలు

ఈసారి రామతీర్థం నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి దిగులుతో రాసింది, ఇంకొకటి కోపంతో రాసింది. రాసినవాళ్లకు ఒకరినొకరు తెలియకపోవచ్చు గానీ రెండూ ఒకే విషయం గురించే. గుర్ల, చీపురుపల్లి, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవి కూడా వాటి పక్కన పెట్టదగ్గవే. పేర్లు తీసేశాం, గుర్తుపట్టే వివరాలు మార్చేశాం. కొందరు వాడిన తిట్లు అచ్చువేయడం లేదు.

మేడమ్ గారికి నమస్కారాలు. మాది రామతీర్థం. పెళ్లయి పన్నెండేళ్లు. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి మావారు, ‘నేను చిన్నప్పటి నుంచీ లోపల ఆడదాన్నే, ఇంక దాచలేను’ అన్నారు. తాగి అంటున్నారేమో అనుకోడానికి ఆయనకి ఆ అలవాటు లేదు. ఇప్పుడు జుట్టు పెంచుతున్నారు, ఇంట్లో చీర కడుతున్నారు. మా అత్త భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామంటోంది. మా అన్నయ్యలు విడాకులు తీసుకుని పిల్లల్ని తెచ్చేసుకో అంటున్నారు. పిల్లలకి ఆయనంటే ప్రాణం. పిల్లలు ఆయన్ని ఏమని పిలవాలి? బడికి ఎవరెళ్లాలి? నాకేమీ తోచడం లేదు.
– ఒక ఇల్లాలు, రామతీర్థం

అమ్మా, భూతవైద్యుడి సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. వేపమండలతో కొట్టడం, పొగ పెట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం వంటివి జరిగితే అవి నేరాలు. మందులతో మార్చేస్తామనే డాక్టరు దగ్గరికి కూడా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త రోగాల పట్టికలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండడాన్ని మానసిక జబ్బుల జాబితా నుంచి తీసేసింది; ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి ‘మార్పిడి వైద్యం’ చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ కూడా అదే ఏడాది ప్రకటించింది. ఆయనకి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా అప్పుడు మానసిక వైద్యుడి అవసరం ఉంటుంది. అది మీకూ ఉండొచ్చు. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. హార్మోన్ల మాత్రలు మాత్రం ఎవరో తెచ్చిచ్చినవి మింగొద్దని ఆయనకి గట్టిగా చెప్పండి. ఆడవాళ్ల హార్మోన్లు మోతాదు తప్పితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఇక మీ అన్నయ్యల మాట. తండ్రి ట్రాన్స్ అయినంత మాత్రాన పిల్లల మీద హక్కు పోతుందని ఏ చట్టంలోనూ లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టమైనా కోర్టును చూడమనేది పిల్లల మేలునే. ప్రతి న్యాయమూర్తీ దాన్ని ఒకేలా చూస్తారని నేను హామీ ఇవ్వలేను. కానీ కోర్టుల్లో అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. పిల్లలకి జ్వరమొస్తే ఎవరు మేలుకున్నారు, ఫీజు ఎవరు కట్టారు, పొద్దున్నే జడ ఎవరు వేశారు? ఆ పనుల్లో ఇద్దరూ ఉన్న ఇంటి నుంచి పిల్లల్ని రాత్రికి రాత్రి ఎత్తుకొచ్చేస్తే కోర్టులో అది మీకే అడ్డు తగులుతుంది.

పెళ్లి సంగతి నిజంగా చిక్కే. ఆయన చీర కట్టినందువల్ల పెళ్లి దానంతట అది రద్దు కాదు. రేపు కాగితాల మీద ఆయన స్త్రీగా మారితే మీ పెళ్లి ఏమవుతుందన్నదానికి చట్టంలో సూటి జవాబు లేదు. ఇద్దరు స్త్రీల పెళ్లిని మన చట్టం గుర్తించదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ పని పార్లమెంటుకి వదిలేసింది. అందుకని ఆయన కాగితాలు మార్చుకోకముందే ఇల్లు ఎవరి పేరున ఉండాలి, పిల్లల చదువు ఎవరు భరించాలి, విడిపోతే సెలవుల్లో ఎవరి దగ్గరుండాలి అన్నవి వకీలు ముందు కూర్చుని రాసుకోండి. వకీలుకి ఇచ్చుకోలేకపోతే విజయనగరం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

కలిసే ఉంటారా విడిపోతారా అన్నది మీ ఇష్టం. ఇలాంటి ఉత్తరాలకి జవాబిచ్చేవాళ్లు భార్యకి పెద్దమనసు గురించి పాఠం చెబుతుంటారు. నేను చెప్పను. మీరు పెళ్లి చేసుకున్నది మగవాడిని. ఆ మనిషి ఇంకోలా కనిపిస్తుంటే మీకు దుఃఖం వస్తుంది, కోపం వస్తుంది. వాటిని రానివ్వండి. ఆయన మంచి తండ్రే అయినా మీకు భర్తగా మిగలకపోవచ్చు. ఆ రెండూ వేరువేరు లెక్కలు. వాటిని కలిపి చూడబట్టే చాలా ఇళ్లల్లో పిల్లలు నలిగిపోతున్నారు.

పిల్లలకి ఆయనే చెప్పాలి, మీరు పక్కనుండాలి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. మూడో తరగతి పిల్లాడికి కావాల్సినవి మూడే జవాబులు: నాన్న ఎక్కడికైనా వెళ్లిపోతాడా, ఇది నావల్ల జరిగిందా, రేపు నన్ను బడికి ఎవరు దింపుతారు. ఏడో తరగతి పిల్ల భయం వేరు. తన క్లాసులో ఎవరికి తెలుసు, ఎవరు నవ్వుతారు అని. బయటివాళ్లు అడిగితే తను ఏమనాలో ఒక మాట ముందే అనుకోండి. పిలుపు విషయానికొస్తే ‘అమ్మ’ అని పిలవమని పిల్లల్ని ఒత్తిడి చేయొద్దని మీ వారికి చెప్పండి. ఆ పిలుపు మీది. చాలా ఇళ్లలో గడ్డం పోయి చీర వచ్చాక కూడా ఇంట్లో ‘నాన్నా’ అనే పిలుపే నిలిచిపోతుంది. కొందరు పిల్లలు తామే ఓ ముద్దుపేరు పెట్టుకుంటారు. వాళ్లకే వదిలేయండి. పుట్టిన సర్టిఫికెట్లలో తండ్రి పేరు జోలికి వెళ్లొద్దు.

ఒక ముక్క మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం సొంతవాళ్లుండే ఇంట్లో ఉండే హక్కు ఆయనకి ఉంది. గెంటేస్తే ఆయన విశాఖకో హైదరాబాదుకో పోయి వేరే గూడు వెతుక్కుంటారు. ఆ పైన పిల్లల ఖర్చు మొత్తం మీ నెత్తిన పడుతుంది.

నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీ పత్రికలో ట్రాన్స్‌జెండర్ తల్లిదండ్రులు అంటూ ఏవేవో రాస్తున్నారు. పురుషుడు తండ్రి, స్త్రీ తల్లి. ఇది మన సంస్కృతి. రాములవారు వెలసిన చోట ఉండి ఇలాంటి పాశ్చాత్య పోకడలు చదవాల్సి వస్తోంది.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రామతీర్థం

మాస్టారూ, నమస్కారం. మీరు తరగతిలో భాగవతం చెప్పినవారే కనుక మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు, గుర్తుచేయడమే. బాలకాండలో సీతారాముల పెళ్లికి ముందు వసిష్ఠుడు జనకుడికి ఇక్ష్వాకుల వంశక్రమం చదువుతాడు. అందులో యువనాశ్వుడి కొడుకు మాంధాత. ఆ యువనాశ్వుడి కథ భారతంలో ఉంది, భాగవతం నవమ స్కంధంలోనూ ఉంది. పిల్లల్లేని ఆ రాజు రాణి కోసం మంత్రించి ఉంచిన నీళ్లు రాత్రి దాహమేసి తానే తాగేశాడు. కడుపుతో ఉన్నాడు. నెలలు నిండాక పక్క చీల్చుకుని పిల్లాడు పుట్టాడు. పాలెవరిస్తారన్న ప్రశ్న వస్తే ఇంద్రుడు తన వేలు చీకమని నోట్లో పెట్టాడు. అంటే మీ ఊరి రాములవారి వంశవృక్షంలో ఓ మగవాడు కన్న బిడ్డ ఉన్నాడు.

చంద్రవంశం వైపు వెళ్తే ఇంకా చిత్రం. మనువు సంతానం ఇల. ఆడపిల్లగా పుట్టి, వసిష్ఠుడి ప్రార్థనతో సుద్యుమ్నుడనే మగవాడై, శివుడి వనంలో అడుగుపెట్టి మళ్లీ ఆడదై, బుధుడి వల్ల పురూరవుణ్ణి కన్నది. తర్వాత నెల ఆడ, నెల మగ. మగవాడిగా ఉన్నప్పుడు ముగ్గురు కొడుకులకి తండ్రి. ఒకే మనిషి కొందరికి తల్లి, కొందరికి తండ్రి. పాండవులూ కృష్ణుడూ ఆ తల్లి సంతతే. ఆనుశాసనిక పర్వంలోని భంగాస్వనుడి కథ వీటన్నిటికీ పైమెట్టు. తండ్రిగా నూరుగురిని, స్త్రీగా మారాక తల్లిగా నూరుగురిని పొందాడు. అందరూ చనిపోతే, ఎవరిని బతికించమంటావని ఇంద్రుడు అడిగాడు. తల్లినై కన్నవాళ్లని అన్నాడు. మళ్లీ మగవాడివవుతావా అంటే, వద్దు, ఇలాగే ఉంటానన్నాడు.

ఈ కథల్ని చూపించి పూర్వం అందరూ అందరినీ ఆదరించారని వాదించను. పురాణం రేషన్ కార్డు ఇప్పించదు. ఆ వాదన పెట్టేవాళ్లని చూసినా నాకు నమ్మకం తక్కువే. నేను చెప్పేది ఒకటే: మగవాడు తల్లి కావడం, తండ్రి ఆడదై తల్లిగా ఉండిపోవడం అన్న ఊహ సముద్రాలు దాటి రాలేదు.

సముద్రాలు దాటి వచ్చింది వేరే ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. దాని రెండో భాగం హిజ్రాల గురించే. ఉత్తర భారతంలోని ప్రాంతాల్లో రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా మైనరు పిల్లలకి సంరక్షకత్వం చేయకూడదు, కొడుకును దత్తు తీసుకోకూడదు, ఆస్తి దానం ఇవ్వకూడదు, వీలునామా రాయకూడదు. ఒక్క దెబ్బతో వాళ్లని తల్లిదండ్రులు కాకుండా చేసిన చట్టం అది. నిజాం రాజ్యంలో 1919లో, ఫసలీ 1329లో, ఇలాంటిదే ఇంకోటి వచ్చింది. పదహారేళ్ల లోపు మగపిల్లాడు హిజ్రా ఇంట్లో కనిపిస్తే శిక్ష. ఆ శాసనాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. నూరేళ్లకు పైగా పుస్తకాల్లో పడి ఉంది మాస్టారూ. మీరు సంస్కృతి అంటున్నదాంట్లో ఎంత వ్యాసుడిది, ఎంత విక్టోరియా రాణిది అన్నది ఒకసారి విడదీసి చూడండి. తూర్పు భాగవతం ఆటలో సత్యభామ వేషం కట్టి, జడ పట్టుకుని రాత్రంతా ఆటను నిలబెట్టేది మన ఊళ్ల మగవాళ్లే కదా. ఆ ఆట చూసి వెక్కిరించడం మన పెద్దలకి తోచలేదు.

మా ఆవిడ విశాఖలో ఆసుపత్రి ఉద్యోగం, వారానికి ఒకసారి వస్తుంది. నేను ఇంటి దగ్గర మిషను కుట్టుకుంటూ ఎనిమిది నెలల పాపని చూసుకుంటున్నాను. స్నానం, ఉగ్గు, జోలపాట అన్నీ నావే. ఊళ్లో ‘ఆడంగి’ అంటున్నారు. దీనివల్ల పాప ఎదుగుదలకి ఏమైనా ఇబ్బందా?
– ఓ తండ్రి, గుర్ల

పాపకి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ఊరికి.

మధ్య ఆఫ్రికా అడవుల్లో అకా అనే వేటగాళ్ల తెగ ఉంది. బారీ హ్యూలెట్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్య ఉండి గమనించి రాశాడు: పసిబిడ్డని ఎత్తుకునో, చేతికందేంత దూరంలోనో తండ్రి ఉండే సమయం రోజులో దాదాపు సగం. బిడ్డ ఏడిస్తే తండ్రి తన చనుమొనే నోటికి అందిస్తాడు. వాళ్లు వల వేసి వేటాడే మొనగాళ్లు, వాళ్లనెవరూ ఆడంగులనరు.

అంత దూరం ఎందుకు, మన దగ్గరిదే వినండి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ఎరుకలవారి పురుడు గురించి రాశాడు. భార్యకి నొప్పులు మొదలవగానే భర్తకి చెబుతుంది. అతను ఆమె బట్టలు కట్టుకుని, ఆడవాళ్లు పెట్టుకునే చోట బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. పుట్టిన బిడ్డని కడిగి అతని పక్కలో పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం లాంటి బాలింత మందులు కూడా తల్లికి కాక అతనికే పెడతారు. మైల దినాలు గడిచేదాకా మంచం దిగనివ్వరు. కెయిన్ దీన్ని వింత ఆచారంగా రాసుకున్నాడు. పరిశోధకులు దీన్ని బిడ్డ నాదే అని ఊరికి చాటే పద్ధతి అన్నారు, దిష్టి తల్లి మీద పడకుండా ఎత్తుగడ అన్నారు. ఆ మంచం ఎక్కని ఎరుకల తల్లి ఏమనుకునేదో ఎవరూ అడిగి రాయలేదు.

మీరు మంచమెక్కలేదు, ఉగ్గు పెడుతున్నారు. అది మేలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి ఇచ్చే సెలవు పదిహేను రోజులు. మీరు ఎనిమిది నెలలు దాటించారు.

నేను ట్రాన్స్ పురుషుణ్ణి. పుట్టింది ఆడపిల్లగా, శ్రీకాకుళం జిల్లాలో. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. గుర్తింపు కార్డులన్నీ పురుషుడిగా మార్చుకున్నాను. నన్ను ప్రేమించిన అమ్మాయితో గుడిలో పెళ్లయి ఏడాదిన్నర. మాకు బిడ్డ కావాలి. నేను తండ్రినవుతానా? ఆసుపత్రి వాళ్లు ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు.
– పేరు వద్దు

బాబూ, ముందు గుడి పెళ్లిని రిజిస్టర్ చేయించుకోండి. స్త్రీపురుష జంటలో ఒకరు ట్రాన్స్ అయినా ఉన్న వివాహ చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పులో అయిదుగురు న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు. అంతకుముందే 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు తూత్తుకుడి జంట కేసులో హిందూ వివాహ చట్టం చెప్పే వధువుల్లో ట్రాన్స్ స్త్రీ కూడా ఉంటుందని చెప్పింది. మన హైకోర్టు మాట మీకు ఇంకా దగ్గరిది. 2025 జూన్‌లో ఒంగోలు నుంచి వచ్చిన కేసులో భర్త తరఫువాళ్లు, పిల్లల్ని కనలేని ట్రాన్స్ స్త్రీ పూర్తి స్త్రీ కాదు, 498-ఎ కింద వేధింపుల కేసు పెట్టలేదు అని వాదించారు. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనని తోసిపుచ్చారు. సరైన ఆధారాల్లేవని ఆ కేసును కొట్టేశారు గానీ, స్త్రీత్వాన్ని గర్భసంచితో కొలవకూడదన్న మాట నిలిచింది. అదే తర్కం తండ్రితనానికి ఎందుకు వర్తించదో ఆసుపత్రి వాళ్లని అడగండి.

అసలు చట్టం దృష్టిలో తండ్రి ఎవరు? నెత్తురు పరీక్ష చేసి తేల్చిన మనిషి అనుకుంటాం. పాత సాక్ష్యాధార చట్టం 112వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 116వ సెక్షన్, చెల్లుబాటయ్యే పెళ్లిలో పుట్టిన బిడ్డకి భర్తే తండ్రి అని ముందే ఒప్పేసుకుంటాయి. భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప ఆ మాట కదలదు. 1872 నుంచి మన దేశంలో కోట్లమంది ఈ ఊహ మీదే తండ్రులయ్యారు. ఎవరి నెత్తురూ ఎవరూ చూడలేదు. దాత వీర్యంతో పుట్టే బిడ్డ విషయంలో 2021 నాటి సంతాన సాఫల్య చట్టం ఇంకా స్పష్టం: బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకి ఏ హక్కూ లేదు. చికిత్సకి మీ ఆవిడ వయసు 21–50, మీ వయసు 21–55 మధ్య ఉండాలి. వీర్యం రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. స్నేహితుడు ఇస్తానన్నాడు అంటే కుదరదు. ఆ చట్టం చెప్పేది పిల్లలు కలగని వివాహిత దంపతుల గురించి, స్త్రీ గురించి. ట్రాన్స్ పురుషుడి సంగతి విడిగా చెప్పలేదు. అక్కడే ఒకరు అవుననీ ఒకరు కాదనీ అంటున్నారు. వివాహ రిజిస్ట్రేషన్ కాగితం మీ చేతిలో ఉంటే కాదనేవాళ్లకి మాట తగ్గుతుంది. రాతపూర్వకంగా కాదనమనండి, అది పట్టుకుని కోర్టుకి వెళ్లొచ్చు. సరోగసీ దారి మీకు చాలా ఇరుకు, దాని మీద ఆశ పెట్టుకోకండి. దత్తతకి కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ నిబంధనల ప్రకారం దంపతులైతే రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం చూపాలి. ఒంటరి పురుషుడికి ఆడపిల్లని ఇవ్వరు. కనుక ఇప్పుడే రిజిస్టర్ చేయించండి, ఆ రెండేళ్లు చూపడానికి ఆధారం ఉంటుంది.

తామే కనాలనుకునే ట్రాన్స్ పురుషులూ ఉంటారు. కోళికోడ్‌లో జహాద్, జియా జంటకి 2023 ఫిబ్రవరి 8న ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో పాప పుట్టింది. కన్నది జహాద్. కార్పొరేషన్ ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్‌లో ఆయన్ని తల్లిగా, జియాని తండ్రిగా రాశారు. ఇద్దరూ బతుకుతున్నదానికి అది పూర్తిగా తలకిందులు. 2025 జూన్ 2న కేరళ హైకోర్టు తల్లి, తండ్రి అన్న మాటలు తీసేసి ఇద్దర్నీ తల్లిదండ్రులుగా మాత్రమే చూపే సర్టిఫికెట్ ఇమ్మంది. బయటి దేశాలు తలో దారి పట్టాయి. ఇంగ్లండులో ఫ్రెడీ మెక్‌కనెల్ అనే పాత్రికేయుడు చట్టప్రకారం పురుషుడు, బిడ్డని కన్నాడు; కన్నావు కనుక నువ్వు తల్లివే అని 2020 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు తేల్చేసింది. అదే మనిషి స్వీడన్‌లో ఉంటే తండ్రిగా నమోదయ్యేవాడు. అక్కడ 2019 నుంచి బిడ్డని కన్న పురుషుడు తండ్రే. జపాన్‌లో 2024 జూన్‌లో సుప్రీంకోర్టు, ముందే దాచిన వీర్యంతో లింగమార్పు తర్వాత పుట్టిన కూతురికి ట్రాన్స్ స్త్రీని తల్లిదండ్రుల్లో ఒకరిగా ఒప్పుకుంది. ఒక్క విమానం టికెట్టుతో తండ్రి తల్లవుతున్నాడంటే, ఇది ప్రకృతి నియమమని నన్ను నమ్మమనడం కష్టం.

ఇంకొకటి. టెస్టోస్టెరాన్ వాడుతున్నవాళ్లు అది గర్భనిరోధకం అనుకుంటారు. కాదు.

అమ్మా, నేను ట్రాన్స్ స్త్రీని, విజయనగరం. మా అప్ప చనిపోయింది. దాని కూతురికి తొమ్మిదేళ్లు, మూడేళ్లుగా నేనే పెంచుతున్నాను. బావ ఇంకో పెళ్లి చేసుకుని పట్టించుకోడం మానేశాడు. స్కూలు వాళ్లు తండ్రి సంతకం కావాలంటున్నారు. మా గురువు, ‘పిల్ల మన ఇంటిదే, కాగితాలెందుకు’ అంటుంది. రేపు బావొచ్చి లాక్కెళ్లిపోతే?
– ఒక పిన్ని, విజయనగరం

మీ గురువు మాటకి గౌరవం ఇవ్వండి, కాగితం మాత్రం చేయించుకోండి. హిజ్రా ఇళ్లల్లో గురువు, చేలా (శిష్యురాలు), దూద్ బేటీ (పాలకూతురు) అన్న బంధాలు ఎన్ని ప్రాణాల్ని నిలబెట్టాయో తెలుసు. ముంబైలో గౌరీ సావంత్ అనే ట్రాన్స్ స్త్రీ, తల్లి చనిపోయిన ఓ పాపని పెంచింది. ఆ తల్లీకూతుళ్ల కథ 2017లో ఓ ప్రకటనగా వచ్చి దేశమంతా చూసింది. కానీ పోలీసు స్టేషన్లో ప్రేమకి రసీదు అడుగుతారు.

మీకు దారులు రెండు. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద పదిహేనేళ్ల లోపు పిల్లని దత్తు తీసుకోవచ్చు. తల్లి లేదు కనుక ఇవ్వాల్సింది మీ బావే. సంతకం పెడతాడంటే రిజిస్టరు దస్తావేజు రాయించండి. ఆ చట్టం హిందూ పురుషుడు, హిందూ స్త్రీ అని రెండే రకాలు చెబుతుంది. మీ కాగితాల్లో ఏముందో దాన్నిబట్టి వకీలు నడిపిస్తారు. పురుషుడనే ఉంటే మీకూ పిల్లకీ కనీసం ఇరవై ఒక్క ఏళ్ల తేడా ఉండాలి. ట్రాన్స్‌జెండర్ అని ఉంటే చిక్కు వస్తుంది. అందుకే మీ విషయంలో రెండో దారి గట్టిది: జిల్లా కోర్టులో సంరక్షకత్వం కోరుతూ పిటిషన్. బావకి నోటీసు వెళ్తుంది. మూడేళ్లు తొంగిచూడని తండ్రి అప్పుడొచ్చి ఏం చెబుతాడో జడ్జిగారు వింటారు. ఈలోగా స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, ఆసుపత్రి చీటీలు పోగుచేయండి. మీ బ్యాంకు పుస్తకం కూడా పెట్టండి, పోషించగలరని చూపడానికి పనికొస్తుంది.

స్కూలు వాళ్లకి: తండ్రి గడిలో పుట్టిన సర్టిఫికెట్‌లో ఉన్న పేరే రాయండి, సంరక్షకుల గడిలో మీ పేరు, మీ సంతకం. పెళ్లి కాని తల్లి కూడా తండ్రి పేరు చెప్పకుండా సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. పాస్‌పోర్టుకి 2016 డిసెంబరు నుంచి తల్లి, తండ్రి, సంరక్షకులలో ఒకరి పేరు చాలు. ఆకెళ్ల లలిత కేసు కూడా గుర్తుంచుకోండి. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తెలుగు తల్లి ఆమె. కొడుక్కి చనిపోయిన తండ్రి ఇంటిపేరే ఉండాలని, ఇప్పటి భర్తని సవతి తండ్రి అని రాయాలని మన హైకోర్టు ఆదేశిస్తే, అది దాదాపు క్రూరమని సుప్రీంకోర్టు 2022 జులైలో రద్దు చేసింది.

మీ స్నేహితులకి ఒక హెచ్చరిక. ఇది అప్ప కూతురి సంగతి కాబట్టి సరిపోయింది. బస్టాండులోనో గుడి మెట్ల మీదో వదిలేసిన పసిపిల్లని తెచ్చి నిశ్శబ్దంగా పెంచుకోకూడదు. ఇరవై నాలుగు గంటల్లో పిల్లల సహాయ నంబరు 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పాలి. లేకపోతే కేసు మీ మీదికే వస్తుంది, పిల్ల కూడా చేజారుతుంది.

ఆంటీ, నేను తొమ్మిదో తరగతి. మా నాన్న ఇప్పుడు చీర కడుతున్నారు. పేరెంట్స్ మీటింగ్‌కి తనే వస్తానంటున్నారు. ఫ్రెండ్స్ నవ్వుతారు. రావద్దంటే తప్పా?
– చీపురుపల్లి

తప్పు కాదు. మీ నాన్న చీర కట్టుకోడానికి ఎన్నేళ్లు పట్టిందో లెక్క చూడు. నీకు కొన్ని నెలలు కావాలనడం ఎక్కువేం కాదు. అయితే పక్కింటివాళ్లతోనో అమ్మతోనో చెప్పించకు. నువ్వే చెప్పు: ‘నాన్నా, నువ్వంటే సిగ్గు కాదు, క్లాసులో నాకు ఇంకా ధైర్యం చాలడం లేదు, ఈ ఒక్కసారి అమ్మ రానీ.’ బాధపడతారు. పడ్డా ఫర్వాలేదు, పెద్దవాళ్లు. మీటింగ్ రోజున కాకుండా మామూలు రోజు సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లి మీ క్లాస్ టీచర్‌కి పరిచయం చెయ్యి. ఆ తర్వాత ఎవడైనా నవ్వితే టీచర్ దగ్గర కొత్తగా చెప్పుకోవాల్సిన పని ఉండదు.

మీటింగ్‌కి ఎవరు రావాలన్నదాని గురించి ఇంత రాశావు, మార్కుల ఊసెత్తలేదు. లెక్కల్లో తగ్గాయా? తగ్గితే అమ్మొచ్చినా నాన్నొచ్చినా టీచర్ చెప్పేది ఒకటే.